అటకెక్కిన కెమెరాను కిందికి దించడం ఎలా

చదువు మీద పడ్డప్పుడు అన్నిటికంటే ముందు అటకెక్కేది హాబీయే. నా విషయంలో ఆ చదువు రేడియాలజీ పీజీ, ఆ హాబీ ఫొటోగ్రఫీ. డ్యూటీలు, కేస్ ప్రెజెంటేషన్లు, థీసిస్, ఫైనల్ పరీక్షలు అన్నీ ముగిసేసరికి తీరిక దొరికింది కానీ, కెమెరా పట్టుకుంటే ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టు అనిపించింది. ఏ బటన్ ఎక్కడుందో వేళ్లకు గుర్తు లేదు.

మీ చదువు ఇంకేదైనా కావచ్చు. పరిస్థితి మాత్రం ఇదే అయితే ఈ గైడు మీకు పనికొస్తుంది. ఇలాంటి గ్యాప్‌లో తప్పిపోయేది ఎక్కువగా చేతి అలవాటే. చూడటం మీరు ఏదో ఒక రూపంలో చేస్తూనే ఉన్నారు, చదువు దానికి కొంత పదును కూడా పెట్టి ఉంటుంది. అందుకే ముందు కెమెరాను, తర్వాత చేతిని దారిలో పెట్టుకుని, ఆ పదునుపడ్డ చూపును ఫొటోల్లోకి తెచ్చుకోవడం దాకా వెళ్దాం. కొత్త సామాను కొనడం గురించి చివర్లో రెండు ముక్కలు చాలు.

ముందు సామాను సంగతి

బ్యాటరీతో మొదలుపెట్టండి. లిథియం అయాన్ బ్యాటరీ వాడకుండా పక్కన పెట్టినా కొద్దికొద్దిగా చార్జ్ కోల్పోతుంది. పూర్తిగా ఖాళీ అయి నెలల తరబడి అలాగే పడి ఉంటే వోల్టేజ్ మరీ దిగిపోయి, చార్జర్ దాన్ని గుర్తించకపోవచ్చు కూడా. చార్జింగ్‌కు పెట్టేముందు బల్ల మీద ఉంచి చూడండి. చదునుగా కూర్చోకుండా అటూ ఇటూ ఊగుతోందంటే ఉబ్బిందన్నమాట. దాన్ని చార్జ్ చేయొద్దు, నొక్కి చూడొద్దు, మామూలు చెత్తబుట్టలో వేయొద్దు. ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇచ్చేయండి. బాగానే ఉంటే ఫుల్ చార్జ్ చేసి కెమెరాలో వేయండి.

ఆన్ చేయగానే తారీఖు, టైమ్ అడగొచ్చు. గడియారాన్ని నడిపే బుల్లి బ్యాటరీ ఒకటి లోపల వేరే ఉంటుంది, అదీ ఖాళీ అయి ఉంటుంది. చాలా కెమెరాల్లో అది పెద్ద బ్యాటరీ నుంచే చార్జ్ అవుతుంది కాబట్టి కొంతకాలం లోపల ఉంచితే కోలుకుంటుంది. తర్వాత చూద్దాంలే అని ఆ స్క్రీన్‌ను దాటేయకండి. తప్పు తేదీతో తీసిన ఫొటోలు కంప్యూటర్‌లో ఏవో పాత సంవత్సరాల మధ్య దూరి కూర్చుంటాయి, వెతుక్కోలేక చస్తాం.

ఇప్పుడు లెన్సు. చాలాకాలం బ్యాగులో మూసి ఉంచిన లెన్సుకు పెద్ద శత్రువు ఫంగస్. గాలిలో తేమ 60 శాతం దాటి ఎక్కువకాలం ఉంటే, అందులోనూ చీకట్లో, గాలి ఆడనిచోట, అది హాయిగా పెరుగుతుంది. మామూలు వెలుతురులో పైపైన చూస్తే కనిపించదు. గదిలో లైట్లు తీసేయండి. లెన్సును కెమెరా నుంచి విడదీసి రెండు మూతలూ తీయండి. ఫోన్ టార్చ్‌ను వెనకవైపు పెట్టి, ముందునుంచి చూడండి. సూటిగా కాదు, కొంచెం ఏటవాలుగా. కాంతి పక్కనుంచి పడితేనే లోపలున్నవి మెరుస్తాయి. చుక్కలు చుక్కలుగా కనిపించేది దుమ్ము. అది ఎంత కొత్త లెన్సులోనైనా ఉంటుంది, ఫొటోలో కనిపించదు, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. సాలెగూడు పోగుల్లా సన్నగా కొమ్మలు వేసుకుంటూ అంచునుంచి లోపలికి పాకినట్టు ఉంటే అది ఫంగస్. కొన్ని లెన్సులు కెమెరా నుంచి తీయగానే అపెర్చర్ (కాంతి లోపలికి వచ్చే రంధ్రం) రేకులు మూసుకుంటాయి. వెనకున్న చిన్న మీటను మెల్లగా పక్కకు జరిపి పట్టుకుంటే తెరుచుకుంటాయి. అప్పుడే లోపలి అద్దాలు బాగా కనిపిస్తాయి.

ఫంగస్ ఉంటే ఇంట్లో విప్పే ప్రయత్నం చేయకండి. అది విడుదల చేసే ఆమ్లాలు అద్దం మీది కోటింగ్‌ను తినేస్తాయి కాబట్టి ఆలస్యం చేయకుండా సర్వీసుకు ఇవ్వడం మంచిది. అప్పటిదాకా మిగతా లెన్సులకు దూరంగా వేరే కవర్లో పెట్టండి. లేకపోతే పండగే. ఇకముందు మాత్రం బ్యాగులో కాకుండా, గట్టిగా మూతపడే డబ్బాలో సిలికా జెల్ వేసి దాచండి. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగాయంటే తేమ పీల్చి పీల్చి నిండిపోయాయని అర్థం, మార్చాలి. డబ్బాలో ఒక చిన్న తేమ మీటర్ పెట్టుకుని 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకుంటే సరిపోతుంది. అంతకంటే మరీ ఎండబెట్టడమూ మంచిది కాదు.

లెన్సు తుడిచే పద్ధతి కూడా మరిచిపోయి ఉంటారు. ముందు బ్లోయర్, తర్వాత మెత్తటి బ్రష్, చివరగా మైక్రోఫైబర్ గుడ్డ. ఈ వరుస తప్పితే ఇసుక రేణువుతో అద్దాన్ని రుద్దినట్టే. లిక్విడ్ వాడితే గుడ్డ మీద వేయండి, అద్దం మీద నేరుగా వద్దు.

కెమెరా లోపల ఫొటోను పట్టే సెన్సర్ మీద దుమ్ము ఉందో లేదో తెలియాలంటే అపెర్చర్‌ను ఎఫ్/16 చేసి (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది), ఫోకస్ కావాలనే తప్పించి, తెల్లగోడనో మబ్బులేని ఆకాశాన్నో తీయండి. చిన్న అపెర్చర్‌తో కాంతి సన్నటి ధారగా వస్తుంది కాబట్టి దుమ్ము నీడ స్పష్టంగా పడుతుంది. ఎఫ్/2.8లో అదే దుమ్ము జాడ కూడా తెలియదు. ఫొటోలో మచ్చ పై ఎడమ మూలలో ఉంటే, కెమెరాను మీవైపు తిప్పి లోపలికి చూసినప్పుడు దుమ్ము కింది ఎడమ మూలలో ఉంటుంది. బ్లోయర్‌తో పోతే సరే. పోకపోతే సర్వీసుకే. నోటితో మాత్రం ఊదకండి, తుంపర్లు అంటుకుంటే ఇంకో తలనొప్పి.

మెమరీ కార్డులో పాత ఫొటోలు ఉంటే కాపీ చేసి, కాపీ అయినవి తెరుచుకుంటున్నాయో లేదో చూసి, ఆ తర్వాతే కెమెరాలోనే ఫార్మాట్ చేయండి.

సెట్టింగులు

చివరిసారి ఎక్కడ వదిలేశారో కెమెరా అక్కడే ఆగి ఉంటుంది. రాత్రిపూట ఏ ఫంక్షన్‌లోనో తీసి ఆపేసి ఉంటే ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) 3200, రంగుల్ని దీపానికి తగ్గట్టు సరిచేసే వైట్ బ్యాలెన్స్ బల్బు గుర్తు మీద, ఫొటో వెలుగును పెంచి తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్‌లో ఉండిపోతుంది. పట్టపగలు తీసిన ఫొటో నీలంగా, మసగ్గా, గరుకుగా వస్తే కెమెరా పాడైందని బెంగ పడకుండా ముందు ఇవి చూడండి. మెనూలో రీసెట్ ఉంటుంది, మొహమాటం లేకుండా కొట్టేయండి. రీసెట్‌కు లొంగనివి రెండున్నాయి. ఒకటి లెన్సు పక్కనుండే ఆటో, మాన్యువల్ ఫోకస్ స్విచ్. రెండోది వ్యూఫైండర్ పక్కనుండే చిన్న చక్రం. చదువుల్లో కళ్లద్దాల పవర్ మారనివాళ్లు తక్కువ. వ్యూఫైండర్ లోపలి అంకెలు స్పష్టంగా కనిపించేదాకా ఆ చక్రం తిప్పండి. బయటి దృశ్యాన్ని కాదు, అంకెల్నే చూసి సరిచేయాలి.

చేతికి మళ్లీ అలవాటు చేయడం

దీనికి బయటికి వెళ్లక్కర్లేదు. ఒక కిటికీ, ఒక కుర్చీ, కుర్చీ మీద ముడతలుపడ్డ గుడ్డ ఏదైనా చాలు. ముడతలు ఎందుకంటే వెలుగు నుంచి నీడకు మారే ప్రతి మెట్టూ వాటిలో కనిపిస్తుంది. మాన్యువల్ మోడ్‌లో పెట్టి ఒక ఎక్స్‌పోజర్ కుదుర్చుకోండి. ఇప్పుడు వ్యూఫైండర్ నుంచి కన్ను తీయకుండా అపెర్చర్‌ను ఒక స్టాప్ (అంటే వెలుగును సగం చేసే మెట్టు) మూసి, షట్టర్‌ను ఒక స్టాప్ నెమ్మది చేయండి. ఎఫ్/4 దగ్గర 1/250 సెకను అయితే ఎఫ్/5.6 దగ్గర 1/125, ఎఫ్/8 దగ్గర 1/60. వెలుగు మారకూడదు, వెనకున్న కిటికీ చట్రం ఎంత స్పష్టంగా ఉందన్నది మాత్రం మారుతూ పోవాలి. తర్వాత అదే దారిలో వెనక్కి రండి. బొటనవేలు, చూపుడువేలు వాటి డయల్స్‌ను వెతుక్కోకుండా అందుకునేదాకా చేయండి. సాయంత్రం టీ చల్లారేలోపు అయిపోయే పని ఇది. మర్నాడు మళ్లీ చేస్తే తేడా మీకే తెలుస్తుంది.

చేయి వణుకు ఎంతుందో కూడా చూసుకోండి. ఫోకల్ లెంగ్త్ (లెన్సు మీద ఎం.ఎం.లో ఉండే అంకె) ఎంతో షట్టర్ వేగం కనీసం దానికి సమానంగా ఉండాలన్నది పాత లెక్క. 50 ఎం.ఎం. లెన్సు అయితే 1/50. ఏపీఎస్-సీ రకం చిన్న సెన్సర్ కెమెరాల్లో సుమారు 1.5తో గుణించాలి కాబట్టి 1/80 అనుకోండి. అదే గుడ్డను 1/125, 1/60, 1/30 దగ్గర వరసగా తీసి, వంద శాతం జూమ్ చేసి చూడండి. మీ చేయి ఎక్కడ ఓడిపోతోందో తెలిసిపోతుంది. ఆ అంకెకు దిగువకు వెళ్లాల్సివస్తే ఐఎస్‌ఓ పెంచేయండి. ఐఎస్‌ఓ పెంచడానికి భయపడి వణికిన ఫొటో తీసుకోవడం దేనికి? గరుకుతనాన్ని తర్వాత కొంత తగ్గించుకోవచ్చు, వణుకును ఏమీ చేయలేం.

బయటికి వెళ్లాక కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ లేకుండా ఎక్స్‌పోజర్ ఊహించే ఆట కూడా ఆడండి. నడినెత్తిన ఎండ ఉంటే ఎఫ్/16, షట్టర్ వేగం ఐఎస్‌ఓ అంకెకు దగ్గరగా. అంటే ఐఎస్‌ఓ 100కి 1/100, అదే ఎఫ్/8 అయితే 1/400. పల్చటి మబ్బుకు ఎఫ్/11, నీడలు పడనంత మబ్బుకు ఎఫ్/8 అలా ఒక్కో మెట్టు తెరుచుకుంటూ పోవాలి. ముందు మనసులో అంకె అనుకుని, తర్వాత కెమెరా ఏమంటుందో చూడండి. పరీక్షలకు బట్టీపట్టిన బుర్రకు ఇదేమంత కష్టం కాదు.

చూపును వాడుకోవడం

నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది ఇదే. రేడియాలజీలో మొదట్లోనే నేర్పే పాఠం ఒకటుంది. ఛాతీ ఎక్స్‌రేలో ఒక లోపం కనిపించగానే కన్ను తృప్తిపడి వెతకడం మానేస్తుంది. పక్కనే ఉన్న రెండోది తప్పిపోయేది అప్పుడే. అందుకని సీనియర్లు కొన్ని చోట్లు పేరుపెట్టి మరీ చూడమంటారు: ఊపిరితిత్తుల పైకొసలు, గుండె వెనకభాగం, డయాఫ్రమ్ కింద, ఎముకలు, ఫిల్మ్ అంచులు. దొరికిన లోపం ఎంత పెద్దదైనా సరే, ఆ చుట్టు పూర్తిచేశాకే రిపోర్ట్ రాయాలి.

వ్యూఫైండర్‌లో జరిగేదీ అచ్చం ఇదే. ముఖంలో నవ్వు కనిపించగానే కన్ను అక్కడ అతుక్కుపోతుంది. తలలోంచి మొలిచినట్టున్న స్తంభం, కుడి అంచున సగం తెగిన ఎవరిదో మోచేయి, కింద కత్తిరించుకుపోయిన వేళ్లు, ఇవన్నీ ఇంటికొచ్చి తెరమీద చూశాకే కనిపిస్తాయి. కాబట్టి షట్టర్ నొక్కేముందు ఒక చుట్టు తిరగండి. విషయం మీద నుంచి చూపు తీసి పై ఎడమ మూలకు వెళ్లండి. అక్కడినుంచి పై అంచు, కుడి అంచు, కింది అంచు, ఎడమ అంచు. ప్రతి అంచు దగ్గరా ఒకటే ప్రశ్న: ఇక్కడ ఏదైనా సగంలో తెగుతోందా? తర్వాత విషయం వెనక ఏముందో చూడండి. చివరగా ఫ్రేములో అన్నిటికంటే తెల్లగా మెరుస్తున్నది ఏదో చూడండి. కన్ను ముందుగా పరుగెత్తేది దానివైపే. అది మీరు చూపించాలనుకున్నది కాకపోతే ఒక అడుగు పక్కకు జరగండి, లేదా మోకాలి మీద కూర్చోండి.

మొదట్లో ఇది నత్తనడకలా ఉంటుంది, మనుషులు కదిలిపోతారు. అందుకే మొదట కదలని వాటిమీద చేయండి. గోడ, చెట్టు, మెట్లు, ఎండలో ఆరేసిన బట్టలు. అలవాటయ్యాక ఆ చుట్టు రెప్పపాటులో అయిపోతుంది.

మీ చదువు రేడియాలజీ కాకపోతే ఏం? లా చదివినవాళ్లకు ఒక వాక్యంలో ఏది అనవసరమో తెలుసు. వృక్షశాస్త్రం చదివినవాళ్లు ఆకు అంచుల్ని, ఈనెల్ని చూసి జాతి చెప్పగలరు. లెక్కలవాళ్లకు వరుసలు, సమతూకం ఇట్టే పట్టుబడతాయి. మీ చదువు మిమ్మల్ని దేన్ని ఎక్కువసేపు చూడమందో అక్కడే మొదలుపెట్టండి. గ్యాప్‌కు ముందు మీరు తీసిన రకం ఫొటోలనే మళ్లీ తీయాలన్న రూలేమీ లేదు. నేనైతే ఇదివరకు రంగురంగుల సూర్యాస్తమయాల వెంట పడేదాన్ని. ఇప్పుడు బూడిదరంగు ఛాయల మీదే మనసు పోతోంది, ఎక్కువగా బ్లాక్ అండ్ వైట్ తీస్తున్నాను. అసలు రాంట్‌జెన్ 1895లో తన భార్య చేతి ఎముకల్ని పట్టింది కూడా ఫొటోగ్రఫీ ప్లేటు మీదే కాబట్టి, రెండూ మరీ దూరపు చుట్టాలేమీ కాదు.

సబ్జెక్టు ఏది దొరుకుతుందని వెతికేవాళ్లకు యోసెఫ్ సుడెక్‌ను గుర్తుచేస్తాను. మొదటి ప్రపంచయుద్ధంలో కుడిచేయి పోగొట్టుకున్న చెక్ ఫొటోగ్రాఫర్. ప్రేగ్‌లోని తన స్టూడియో కిటికీ ఒక్కదాన్నే 1940 నుంచి 1954 దాకా తీస్తూ పోయాడు. అద్దం మీద మంచు, ఆవిరి, బయట చెట్టు, కిటికీ గట్టు మీద గ్లాసు. మీ కిటికీని ఒక వారం అలా చూడండి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, దీపాలు పెట్టే వేళకు ఒకటి, అన్నీ ఒకేచోట నిలబడి తీయండి. వెలుతురు ఏ వేళకు ఎటునుంచి వస్తుందో చేతికే తెలిసిపోతుంది.

రా ఫైళ్ల దగ్గర

జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. సెన్సర్ పట్టినదాన్ని కుదించకుండా దాచే 14 బిట్ రా ఫైల్‌లో 16,384. సీటీ స్కాన్‌తో రోజూ కుస్తీపట్టేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. సీటీలో గాలి మైనస్ 1000, నీరు సున్నా, గట్టి ఎముక వెయ్యి దాటి. అన్నిటినీ ఒకేసారి తెరమీద చూపిస్తే ఏదీ సరిగా కనిపించదు. అందుకని ఊపిరితిత్తులకు ఒక పరిధి, మెదడుకు ఇంకో పరిధి ఎంచుకుని చూస్తాం. డేటా అదే, చూపించే ముక్క మారుతుంది. రా ఫైల్‌లో హైలైట్స్, షాడోస్ స్లైడర్లు జరపడం కూడా ఇంచుమించు ఆ పనే. సెన్సర్ పట్టుకున్న విస్తారమైన వెలుగులో ఏ ముక్కను తెరకు తేవాలో మీరు చెబుతున్నారు.

దీన్నుంచి తీసే సమయంలో పాటించాల్సింది ఒకటే. పట్టుకోనిదాన్ని తర్వాత చూపించలేం. హిస్టోగ్రామ్ (ఎడమ నలుపు నుంచి కుడి తెలుపు దాకా వెలుగు ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్) కుడిగోడకు గుద్దుకుని పైకి లేచిపోతే ఆ తెలుపులో ఇక ఏమీ మిగలదు. నీడలు కాస్త చీకటిగా ఉన్నా లాగొచ్చు. కాబట్టి మబ్బులు, తెల్లచొక్కాలు, కిటికీలు ఉన్నప్పుడు కాంపెన్సేషన్ కొంచెం మైనస్‌లో పెట్టి తీయండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మొత్తాన్నీ మళ్లీ నేర్చుకోవాలని కూర్చోకండి. ఎక్స్‌పోజర్, హైలైట్స్, షాడోస్, వైట్ బ్యాలెన్స్, క్రాప్. మొదటి నెల వీటితో గడిచిపోతుంది.

టైమ్ ఎక్కడ దొరుకుతుంది

చదువు అయిపోయినా ఉద్యోగం ఉంటుంది, తీరిక ఎవరూ పళ్లెంలో పెట్టి ఇవ్వరు. చేయాల్సిందల్లా కెమెరాకు, మీకు మధ్యనున్న అడ్డంకులు తీసేయడం. బ్యాటరీ, కార్డు లోపలే ఉంచి, ఒకే లెన్సు తగిలించి (మిగతావి సిలికా జెల్ డబ్బాలోనే ఉండనివ్వండి), రోజూ బయటికి వెళ్లే బ్యాగులోనో గుమ్మం దగ్గరో పెట్టండి. తాళంవేసిన డబ్బాలో ఉన్న కెమెరాను ఎవరూ పదినిమిషాల కోసం తీయరు.

ఇంకో విషయం. పరీక్షల నుంచి బయటపడ్డవాళ్లకు దేన్నైనా సిలబస్‌గా మార్చేసే జబ్బు ఉంటుంది. వారానికి ఇన్ని ఫొటోలు, ఏడాది పొడవునా రోజుకొకటి, ఇన్ని వీడియో పాఠాలు అని టైమ్‌టేబుల్ గీస్తారు. ఒకరోజు తప్పితే అపరాధ భావం, రెండోరోజు తప్పితే కెమెరా మళ్లీ అటకమీదకు. వద్దు. మీ మీద మీరే ఇన్విజిలేటర్‌గా కూర్చోకండి. తీసినవాటిని వెంటనే ఆన్‌లైన్‌లో పెట్టి లైకులు లెక్కపెట్టుకోవడం కూడా కొన్నాళ్లు ఆపండి. మార్కుల అలవాటు ఇంకా వదలనప్పుడు అది మరీ చెరుపు చేస్తుంది. ఇద్దరు ముగ్గురు స్నేహితులకు చూపించండి, చాలు.

పాత ఫొటోల గుట్ట

వర్షం పడ్డరోజు చేసే పని. గ్యాప్‌కు ముందు తీసి, ఎప్పుడూ సరిచేయని ఫోల్డర్లు ఉండే ఉంటాయి. ముందు ఏదీ డిలీట్ చేయకుండా వేగంగా తిప్పుతూ, చెయ్యి ఆగినవాటికి మాత్రం ఒక స్టార్ ఇవ్వండి. తీసిన రోజు కష్టం, ఎండ, నడక గుర్తులేవు కాబట్టి ఇప్పుడు తీర్పు నిక్కచ్చిగా ఉంటుంది. అప్పట్లో గొప్పగా అనిపించినవి చప్పగా కనిపిస్తాయి, పక్కన పడేసినవాటిలో ఒకటి రెండు మెరుస్తాయి. స్టార్ ఉన్నవాటికి మూడు కాపీలు ఉంచండి. రెండు వేరువేరు డ్రైవుల మీద, ఒకటి ఇంటి బయట ఎక్కడైనా, క్లౌడ్ అయినా సరే.

ఆ ఫోల్డర్లు ఉన్నప్పుడే కొనడం సంగతి కూడా తేలిపోతుంది. ప్రతి ఫొటోతోపాటు అది ఏ ఫోకల్ లెంగ్త్‌లో తీశారో కూడా దాచిపెట్టి ఉంటుంది, ఫొటోలు సర్దే సాఫ్ట్‌వేర్ చాలావరకు దాని ప్రకారం వడపోస్తుంది. మీది 18–55 జూమ్ అనుకుందాం. స్టార్ పడ్డవి చాలావరకు 55 దగ్గరే గుమిగూడి ఉంటే మీకు ఇంకా దూరం అందే లెన్సు కావాలి. 18 దగ్గర గుమిగూడితే ఇంకా వెడల్పుది కావాలి. 35 చుట్టుపక్కల ఉంటే ఆ ఒక్క ఫోకల్ లెంగ్త్‌లో ఎఫ్/1.8 లెన్సు తీసుకోండి, చీకట్లో కూడా పనికొస్తుంది. అలా కాకుండా ఆ చివరనుంచి ఈ చివరదాకా పరుచుకుని ఉంటే, ఉన్న లెన్సే ఇంకొన్నాళ్లు వాడండి.